పైపు పట్టిన బండి

కిందటి వారం టేపుని పాత బండ్ల అడ్డాలో, భుజాన నిండు పొడవు పైపుతో, చుట్టూ జనం నవ్వుతుండగా నిలబెట్టి వచ్చేశాం. పాపం, వారం రోజులుగా మోస్తూనే ఉన్నాడు. ముందు ఆ పైపు దింపిద్దాం, తర్వాత అతని సంగతి చూద్దాం.

కొత్తగా చదివేవాళ్ళకి రెండు ముక్కలు. టేపు అన్నది అమ్మానాన్నలు పెట్టిన పేరు కాదు. పైపుల పని నేర్చుకునే రోజుల్లో ప్రతి కొళాయికీ చాలినదానికి రెట్టింపు తెల్ల టేపు చుట్టేవాడని అతని మేస్త్రి పెట్టిన పేరు. ఆ మేస్త్రే తర్వాత పిల్లనిచ్చి మామయ్య అయ్యాడు. కిందటేడు జబ్బు చేసి ఆస్పత్రిలో పోయాడు. ఇప్పుడు టేపు సొంతంగా పని మొదలుపెట్టబోతున్నాడు. కొత్తగా కడుతున్న బడికి పైపుల పనంతా ఇస్తానని ఒక కాంట్రాక్టరు మాటిచ్చాడు గానీ, సొంత బండి ఉంటేనే అని మెలిక పెట్టాడు. సోమవారం పొద్దున బండితో రావాలి. రాకపోతే ఆ పనికి ఇంకొకడు కాచుకుని కూర్చున్నాడు. అప్పుడు అత్తయ్య, మామయ్య వెనకేసిపోయిన కాస్తా తీసి అల్లుడి చేతిలో పెట్టింది. ఆయన కష్టం బండి రూపంలో ఇంటిముందు ఉంటుందిలే అంది. టేపు భార్య పక్కనే నిలబడి కళ్ళు తుడుచుకుంది.

అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అన్నారు. చేతిలో ఉన్నది కొంచెం, కావలసింది బోలెడు. అందరూ బండి కొనేటప్పుడు టైర్లు తన్ని చూస్తారు, ఇంజనుకి చెవి ఆనిస్తారు. మనవాడు పైపు తీసుకెళ్ళాడు. నవ్వరా మరి? కానీ అతని లెక్క అతనికుంది. పైపు కోసినచోటల్లా ఒక లీకు పుట్టినట్టే అనేవాడు మామయ్య. బండిలో పట్టలేదని పైపుని ముక్కలు చేసుకుని తీసుకెళితే, ఆ ముక్కలన్నిటినీ మళ్ళీ అతికించాలి. ఎప్పుడో ఒకనాడు ఏదో ఒక అతుకు కారుతుంది, ఆ ఇల్లాలు మనల్ని కడిగిపారేస్తుంది. పోనీ బండి పైన కట్టుకుందామంటే ఎండకి వంగిపోతాయి. పైపు కోయకుండా, వంచకుండా లోపల పడుకోవాలి. అదీ బండంటే.

మొదట చూసిన బండి ముద్దుగా ఉంది. భార్యకి ఫోనులో బొమ్మ పంపితే అదే కొనమంది కూడా. పైపు తోస్తే సగం లోపలా, సగం బజార్లోనూ ఉంది. రెండోది ఇల్లంత ఉంది. పైపులేం ఖర్మ, స్నానాలగదినే ఎత్తి పెట్టుకోవచ్చు. అయితే స్టార్టు చేస్తే అడ్డా అంతా పొగ. అది డీజిలు తాగే తీరు చూస్తే, వచ్చిన కూలంతా దానికే పోసి మనం మంచినీళ్ళు తాగి పడుకోవాలి. మూడోది వెనకాల గోడ పక్కన ఎవరి కంటా పడకుండా ఉంది. తెల్లగా, పొడుగ్గా, ఒక్క సొట్ట లేదు. ఇంజను గట్టిగా ఉంది. ధర మిగతావాటిలో సగం. లోపల నేలమీద రెండు ఇనప పట్టాలు, వాటి మధ్య చిన్న చిన్న రోలర్లు. పైపు కొస అలా ఆనించి ఒక్క తోపు తోశాడో లేదో, గరగరమంటూ తనంతట తనే లోపలికి వెళ్ళి ముందు సీటు వెనకాల బుద్ధిగా ఆగింది. నవ్వినవాళ్ళంతా నోరు మూసుకున్నారు. టేపు ఛాతీ ఉబ్బింది.

ఇంత మంచి బండి ఇంత చవకేమిటని అడిగాడు. అడగకపోలేదు. ఇదివరకు ఏం మోసేదన్నాడు. అడ్డా దళారి ఆస్పత్రి బండి అన్నాడు. ఆస్పత్రిలో ఏం మోసేదని మళ్ళీ అడిగితే, ఆస్పత్రిలో ఏముంటాయో అవేనని చెప్పి, ఎవరో పిలిచినట్టు అటు తిరిగాడు. టేపు లోపలికి తల పెట్టి చూశాడు. ఫినాయిలు వాసన గుప్పుమంది. పక్కగోడకి ఆనించి మనుషులు కూర్చునే చిన్న బల్ల ఉంది. మధ్యలో మనిషి పడుకునే వెడల్పున పట్టాలున్నాయి.

ఇక్కడ మన టేపుని కాస్త నిలదియ్యాలి. ఇంత చూసినవాడికి అర్థం కాలేదంటే నేను నమ్మను, మీరూ నమ్మకండి. అర్థమైంది. అర్థమైంది కాబట్టే మూడో ప్రశ్న అడగలేదు. అడిగితే జవాబు వస్తుంది, వస్తే ఇంట్లో చెప్పాలి, చెబితే బండి పోతుంది. పైపులకి పట్టింపులేమిటని తనకి తానే సర్దిచెప్పుకున్నాడు. అడ్డా నుంచి నేరుగా రంగులవాడి షెడ్డుకి తోలించి, తెల్ల బండిని నీలం బండి చేయించాడు. ఫినాయిలు వాసన రంగు వాసన కింద అణిగిపోయింది. పక్కన పెద్ద అక్షరాలు రాయించాడు: అన్ని రకాల పైపుల పనులు, పిలవగానే వస్తాం. పని మొత్తానికి తనకి బాగా నచ్చింది ఆ రాతే.

ఆదివారం ఎండ ఎక్కుతుండగా బండి తెచ్చి ఇంటిముందు ఆపాడు.

భార్య పరుగెత్తుకొచ్చింది. బండి చుట్టూ తిరిగి రంగు బాగుందంది, మొదటి బండి కంటే ఇదే దర్జాగా ఉందంది. పక్కనున్న రాత పైకి చదివి, "అబ్బో, పిలవగానే వస్తావా? ఇంట్లో పిలిస్తే మాత్రం నాలుగు కేకలెయ్యాలి" అని వేళాకోళం చేసింది. చిన్నప్పటి నుంచి తమ ఇంట్లో పైపులు మోస్తూ తిరిగినవాడు కదా, మొగుడయ్యాక కూడా ఆమెకి అతను నువ్వే. ఊళ్ళోవాళ్ళు ఎన్ని అన్నా ఆ పిలుపు మార్చుకోలేదు. టేపుకి కూడా ఆ నువ్వంటేనే ప్రాణం.

అత్తయ్య చేతులు కొంగుతో తుడుచుకుంటూ గుమ్మం దిగి వచ్చింది. నీలం రంగు చూసి తల ఊపింది. డ్రైవరు తలుపు మీద అరచెయ్యి ఆనించి కాసేపు అలాగే ఉంది. మొగుడి కష్టాన్ని తాకి చూసుకుంటోందని టేపు పొంగిపోయాడు. ఆ ఊపులో, ఊరుకోవచ్చు కదా, ఊరుకోలేదు. అసలు తమాషా వెనకాల ఉంది రండి అత్తయ్యా అని ఆవిణ్ణి వెనక్కి పిలిచి, తలుపులు రెండూ బార్లా తెరిచి, గోడకి ఆనించి ఉన్న పైపు తెచ్చాడు. కొస పట్టాల మీద పెట్టాడు. తోశాడు.

గరగరమని రోలర్లు తిరిగాయి. పైపు చివరికంటా వెళ్ళి, ఠక్కుమని ఆగింది.

అత్తయ్య ముఖం చూస్తే ఇంకా అర్థం కానట్టుంది. పనివాడికి తన పనిముట్టు మీద మోజు ఎక్కువైతే ఎదుటివాళ్ళ ముఖాలు కనపడవు. టేపు పైపుని మళ్ళీ బయటికి లాగాడు. "సరిగ్గా చూళ్ళేదు మీరు, ఇంకోసారి చూడండి" అంటూ ఈసారి ఇంకాస్త జోరుగా తోశాడు. గరగర, ఠక్కు.

అత్తయ్య గుమ్మం మెట్టు మీద కూలబడింది.

ఎండదెబ్బేమో అనుకున్నాడు టేపు. నీళ్ళు తెమ్మని భార్యని కేకేశాడు. ఆమె కదల్లేదు. బండి వెనక తలుపు పట్టుకుని లోపలికి చూస్తోంది. తర్వాత కొంగు దోపుకుని లోపలికి ఎక్కింది. పక్కగోడకున్న బల్ల దగ్గర వంగి, దాని రెక్సిను కింద వేలితో తడిమింది. అక్కడ కొద్దిగా చిరిగి, లోపలి స్పాంజి బయటికి వచ్చి ఉంది. రంగులవాడు బండి బయటంతా నీలం చేశాడు గానీ ఆ బల్ల జోలికి పోలేదు. ఆమె ఆ చిరుగులో వేలు పెట్టి ఆ బల్ల మీదే కూర్చుంది.

"ఇది నేను చింపిందే" అంది చివరికి. "దారి పొడుగునా గిల్లుతూ కూర్చున్నాను. నాన్న కాళ్ళు ఇక్కడున్నాయి."

టేపు చేతిలో పైపు కొస ఇంకా అలాగే ఉంది. వదలాలని కూడా తోచలేదు. శవాల బండి అని తెలుసు. తెలిసే కొన్నాడు. కానీ ఎవరెవరినో మోసి ఉంటుందనుకున్నాడు. ఈ చిన్న ఊళ్ళో ఆస్పత్రికి అలాంటి బండి ఒకటే ఉంటుందని, దాన్లో తన ఇంటిమనిషే పడుకుని వచ్చి ఉంటాడని అతని బుర్రకి తట్టనే లేదు. మామయ్య వెనకేసిన డబ్బు పెట్టి, మామయ్యని మోసుకొచ్చిన బండినే బేరమాడి కొనుక్కొచ్చాడు. పైగా ఆ చప్పుడు ఆయన పెళ్ళానికి రెండుసార్లు వినిపించాడు. తల కొట్టేసినట్టయింది. కాళ్ళ కింద నేల చీలితే బాగుండునని అందరూ అంటారు గానీ, ఆ క్షణాన టేపు నిజంగానే నేలకేసి చూశాడు.

"నాకు తెలీదు" అన్నాడు.

భార్య బండి దిగింది. కోపం ఉన్నట్టు లేదు. అతని ముఖంలోకి చూస్తూ ఏదో లెక్క వేసుకుంటున్నట్టుంది.

"అవును. మాకు చప్పుడు వినగానే తెలిసింది. వీధిలోవాళ్ళకి చూస్తే తెలుస్తుంది. మీకెలా తెలుస్తుంది? మీరు రాలేదుగా."

ఇంతకుముందు ఎన్నోసార్లు తిట్టింది. గిన్నెలు ఎత్తేసింది. పుట్టింట్లోనే ఉంటున్నదాన్ని ఎక్కడికి పోతానని ఏడ్చింది కూడా. ఏ రోజూ మీరు అనలేదు. మర్యాద ఇంత చల్లగా ఉంటుందని టేపుకి అప్పుడే తెలిసింది. పరాయివాడి ఇంట్లో కొళాయి బాగుచెయ్యడానికి వచ్చి నిలబడ్డట్టు అనిపించింది.

ఆ రోజు సంగతి ఇంట్లో అందరికీ తెలిసిందే. తెలిసిందే అని టేపు అనుకుంటున్నాడు. పొరుగూళ్ళో నీళ్ళ ట్యాంకు లోపల పనిలో ఉన్నానని, సిగ్నలు లేక ఫోను మోగలేదని చెప్పాడు. తీరా అతను ఇల్లు చేరేసరికి మామయ్యని దించి బండి వెళ్ళిపోయింది. ఆస్పత్రి మెట్ల మీద ఆయన్ని పట్టడానికి ఇంటి మగవాడు లేక, ఎవరి రోగినో చూడడానికి వచ్చిన ముక్కూ మొహం తెలీని ఇద్దరు చెయ్యి వేశారు. ఈ మాట అత్తయ్య ఒక్కసారే చెప్పింది, మళ్ళీ ఎప్పుడూ ఎత్తలేదు. ఎత్తకపోవడమే టేపుని లోలోపల కొరుక్కు తినేది.

ఎందుకంటే ఫోను మోగింది. ట్యాంకూ లేదు, పొరుగూరూ లేదు. టేపు ఆ రోజు ఊళ్ళోనే, మేడ ఉంది కాబట్టి అందరూ మేడావిడ అనే ఆమె ఇంట్లో ఉన్నాడు. మామయ్యకి ఏళ్ళ తరబడి వాడుక ఆ ఇల్లు. ఆయన మంచాన పడ్డాక మేడావిడ పై అంతస్తులో కొత్త స్నానాలగదికి కబురు చేస్తే, మేస్త్రిగారు ఇక పనులు మానుకున్నారని చెప్పి, టేపు ఆ పని తన పేర పట్టేశాడు. మామయ్య అప్పటికింకా ఆస్పత్రి మంచం మీంచే, ఇంటికెళ్ళాక ఏ పని ముందు మొదలెట్టాలో చెబుతున్నాడు. ఆయన పోయిన రోజు, ఆ స్నానాలగది కిటికీ గట్టు మీద పెట్టిన ఫోనులో భార్య బొమ్మ వెలిగింది. అతికే జిగురు అప్పుడే రాశాడు. రాసిన జిగురు ఆగదు, ఈ ఒక్క జాయింటూ అయ్యాక మాట్లాడదాం అనుకున్నాడు. పైగా మేడావిడ పక్కనే నిలబడి గొంతెత్తి ఏదో చెబుతోంది. ఫోను ఎత్తితే ఆ గొంతు భార్య ఇట్టే పోల్చుకుంటుంది. జాయింటు అయింది. ఫోను మళ్ళీ వెలిగింది. ఇంకో జాయింటుకి జిగురు రాశాడు. అలా జాయింటు మీద జాయింటు వేసుకుంటూ పోయాడు, పోయి పోయి ఫోను బోర్లా తిప్పాడు. ఆ స్నానాలగది పనితనం చూసే కాంట్రాక్టరు అతన్ని మెచ్చుకున్నాడు. బడి పని ఇస్తానన్నదీ అందుకే. చూశారా, మనవాడి బతుకు ఎక్కడ మొదలైందో.

బండి తిరిగి ఇచ్చెయ్యమంది భార్య. అది కూడా మీరు అనే అంది. ఇచ్చెయ్యండి, నా కళ్ళ ముందు ఉండకూడదు. రంగు వేసిన బండి దళారి వెనక్కి తీసుకోడని, రేపు బండి లేకపోతే బడి పని పోతుందని, అది పోతే మళ్ళీ ఎవరి కిందో కూలికి పోవాలని టేపు గొణిగాడు. ప్రతి మాటా నిజమే. అయినా ఒక్కొక్కటీ నోట్లోంచి వస్తుంటే తనకే రోత పుట్టింది. కక్కలేక మింగలేక మధ్యలో ఆపేశాడు.

అప్పటిదాకా మెట్టు మీద కూర్చున్న అత్తయ్య లేచింది. బండి దగ్గరికి వచ్చి, పక్కన రాసినది ఒక్కొక్క అక్షరం మీదా చూపు ఆపుతూ చదువుకుంది.

"బండి ఉండనీ" అంది. "దాని తప్పేముంది? ఆ రోజు పిలవగానే వచ్చింది అదొక్కటే."

ఆవిడ గొంతు పెంచలేదు. ఎత్తిపొడిచినట్టు కూడా లేదు. ఉన్న మాట ఉన్నట్టు చెప్పింది, అంతే. టేపు తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. నొప్పి అని అరవడానికి కూడా లేదు. తను ముచ్చటపడి రాయించుకున్న మాట అంత పెద్ద అక్షరాలతో, అందరూ చదివేలా, తన వెనకాలే ఉంది. చెరిపేద్దామంటే చేతిలో గుడ్డ కూడా లేదు.

అత్తయ్య వెనక తలుపు పట్టుకుని బండి ఎక్కింది. ఆ చిరిగిన బల్ల మీదే, చిరుగు పక్కన కూర్చుంది. పైపుని కాలితో కాస్త అవతలికి జరిపింది.

"పద నాయనా" అంది.

ఎక్కడికని అడిగాడు టేపు.

"ఆ రోజు నువ్వున్న చోటికి. ఆయన ఈ బండిలో వస్తుంటే నువ్వు ఎక్కడున్నావో నాకు చూడాలనుంది. నువ్వెంత దూరంలో ఉండిపోయావో చూస్తే, నా మనసుకి కాస్త సర్దుబాటవుతుంది."

భార్య తల్లి వంక చూసింది, మొగుడి వంక చూసింది. ఏమనుకుందో ఏమో, నేనూ వస్తానంటూ ముందు సీట్లో ఎక్కి తలుపు వేసుకుంది. టేపుకి మరి దారి లేదు. వెనక తలుపులు మూసి, ముందుకెళ్ళి తాళం తిప్పాడు. వెధవ ఇంజను, ఒక్కసారికే స్టార్టయింది.

బండి వీధి చివరివైపు కదిలింది. గతుకు వచ్చినప్పుడల్లా వెనకాల రోలర్లు చిన్నగా గలగలమంటున్నాయి. ఆ చప్పుడుకి భార్య కళ్ళు మూసుకుంటోంది. టేపు బుర్ర మాత్రం పరుగులు పెడుతోంది. పొరుగూరికి కుడివైపు పెద్దరోడ్డు. ఆ ఊళ్ళో ఏదో ఒక నీళ్ళ ట్యాంకు ఉండకపోదు. కింద నిలబెట్టి అదిగో అదే అని చూపిస్తే ఎవరు కాదంటారు? ఆవిడకి కావలసింది మనశ్శాంతి. దూరం ఎంత ఎక్కువైతే అంత మంచిది. ఇంత అబద్ధం ఆడినవాడికి ఇంకొంచెం ఆడడం ఎంత పని? ఎడమవైపు తిరిగితే నాలుగిళ్ళ అవతల మేడావిడ ఇల్లు. ఆ పై అంతస్తు కిటికీలోంచి చూస్తే, ఈ వీధి మలుపు కనపడుతుంది. ఆ రోజు జాయింటుకి జాయింటుకి మధ్య అతను ఒకసారి తల ఎత్తి ఉంటే, తెల్ల బండి ఇంటివైపు మలుపు తిరగడం కనిపించి ఉండేది.

మలుపు వచ్చింది. టేపు స్టీరింగు గట్టిగా పట్టుకుని కుడివైపు లైటు వేశాడు. టిక్కు టిక్కుమని అది కొట్టుకుంటోంది. ఎదురుగా వస్తున్న లారీ పోవడానికి ఆగాడు. లారీ పోయింది. రోడ్డు ఖాళీ అయింది.

వెనకాల నుంచి అత్తయ్య చెయ్యి వచ్చి అతని ఎడమ భుజం మీద పడింది.

"ఎడమకి నాయనా" అంది మెల్లగా. "ఇటు."

భార్య కళ్ళు తెరిచింది. "ఎడమవైపు ఏముందమ్మా?" అంది. తల్లి అతని భుజం మీంచి చెయ్యి తియ్యలేదు. భార్య టేపువైపు తిరిగి, జవాబు కోసం చూస్తూ కూర్చుంది.